గుర్తింపు తనిఖీకి వచ్చిన పేషెంట్లు

ఉద్యోగమంటూ వస్తే చాలు, అదేం ఉద్యోగమో చేరాక చూసుకోవచ్చనుకునే రోజులవి. ఫిజియోథెరపీ చదువు అప్పుడే పూర్తయింది. నరసరావుపేట శివార్లలో కొత్తగా పెట్టిన ఓ ఫిజియోథెరపీ కాలేజీలో ట్యూటరుగా చేరాను. కాలేజీకి పెద్ద గేటుంది, గేటుకి పెద్ద బోర్డుంది, గుర్తింపు మాత్రం లేదు. (ముందు పిల్లల్ని చేర్చుకుని తర్వాత గుర్తింపు తెచ్చుకోవడం మా ఛైర్మన్ గారి పద్ధతి.) ఆ ఏడాది తనిఖీలో గుర్తింపు రాకపోతే మొదటి బ్యాచి పిల్లలు పరీక్ష రాయలేరు, నాకు ఉద్యోగం ఉండదు. ఈ రెండింటిలో దేని గురించి నాకు నిద్రపట్టలేదో వేరే చెప్పక్కర్లేదు.

తనిఖీ బృందం ముఖ్యంగా చూసేది ఆసుపత్రి వార్డు. మంచాలు టెంటు హౌసు నుంచి వచ్చాయి. ప్రొఫెసర్లు గుంటూరు నుంచి కార్లలో వచ్చారు. మరి పేషెంట్లో? భయంభయంగా అడిగితే ఛైర్మన్ గారు నవ్వారు. ఆయనది గురజాల వైపు పెద్ద వ్యవసాయ కుటుంబం, అక్కడ అందరికీ పెదబాబు గారు, రాజకీయాల్లో బాగా తిరిగిన మనిషి. "మీటింగులకి మైదానాలు నింపినోణ్ణి, వార్డు నింపలేనా ఏందయ్యా?" అంటూ, మీటింగులకి జనాన్ని తోలే మేస్త్రికే ఫోను కొట్టారు. తెల్లారేసరికి మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళు ఆటోల్లోంచి దిగారు. వాళ్ళని మంచాలెక్కించి, ఒకరి మెడకి పట్టీ, ఒకరి నడుముకి బెల్టు, ఒకరి కాలికి బరువులు తగిలించి, "కళ్ళు మూసుకుని మూలగండి, అంతే" అని చెప్పాను. (మూలగడం నేర్పాల్సిన పనిలేదు. పొద్దస్తమానం వంగి కాయలు కోసే నడుములవి.)

బృందం రానే వచ్చింది. అందరికంటే ముందు తెల్లచొక్కాలో, చేతులు జోడించుకుని ఛైర్మన్ గారు. ఆయన్ని ఆ వాలకంలో ఆ ఆడవాళ్ళు ఎప్పుడూ మీటింగుల్లోనే చూశారు. అలవాటు ఊరుకుంటుందా? మెడ పట్టీ లేచింది, నడుం బెల్టు లేచింది, కాలి బరువులు ఊడదన్నుకుని మరీ లేచింది ఇంకొకావిడ. వార్డు వార్డంతా నిలబడి పిడికిళ్ళెత్తి, "పెదబాబు గారికీ... జై!" అని కేకపెట్టింది. నేను గోడలో కలిసిపోదామనుకున్నాను గానీ గోడకి ఇంకా సున్నం ఆరలేదు.

బృందంలోని పెద్ద మేడం నావైపు తిరిగి, "మీ వైద్యం చాలా తొందరగా పనిచేస్తోందండీ" అన్నారు. ఆ తర్వాత చివరి మంచం దగ్గర ఆగారు. అక్కడో పెద్దామె లేచి నిలబడింది గానీ చెయ్యెత్తలేదు.

"నువ్వు జై కొట్టలేదేమమ్మా?"

"కొడదామనే లేచానమ్మా. చెయ్యి పైకి రాలా. బుజం పట్టేసి చానా రోజులైంది."

"చూడండి" అన్నారు మేడం నాతో. చూశాను. ఆమె భుజం పట్టుకుని, ఎంతవరకు లేస్తోందో, ఎక్కడ నొప్పో కనుక్కుని, కీలు బిగుసుకుపోయిందని చెప్పి, గోడమీద వేళ్ళు పైకి పాకించడం నేర్పాను. మా పిల్లలు చుట్టూ మూగారు. నిజమైన పేషెంటుని వాళ్ళు చూడటం అదే మొదటిసారి. చివర్లో, "సోమవారం మళ్ళీ రా పెద్దమ్మా" అన్నాను, డాక్టర్లంతా అంటారు గనక.

ఒక్క ఏడాది పాటు, షరతులతో గుర్తింపు ఇస్తున్నారని ఆ వారంలోనే ఫోను వచ్చింది. (మేడం దయో, ఛైర్మన్ గారి పలుకుబడో నాకిప్పటికీ తెలీదు.) కాగితం చేతికి రాకముందే గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది. అందులో ఛైర్మన్ గారున్నారు, గుంటూరు ప్రొఫెసర్లున్నారు. నా మొహం కోసం చాలాసేపు వెతికాను.

సోమవారం పొద్దున్నే పెద్దామె బస్సు దిగి వచ్చేసింది. వార్డుకి తాళం. మంచాలు ఎవరి పెళ్ళికో వెళ్ళిపోయాయి. "రమ్మన్నావుగా అయ్యా, వచ్చా" అంటూ గేటు దగ్గర నిలబడింది. వాచ్‌మన్ కుర్చీ తెచ్చి ఆ ఫ్లెక్సీ నీడలో వేసి, ఆమెని కూర్చోబెట్టి భుజం పట్టుకున్నాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. ఆమె మాత్రం మెల్లగా మోచెయ్యి పైకి లేపుతూ, "వచ్చే వారం మా తోడికోడల్ని గూడా తీసుకొస్తాలే, దానికి మోకాళ్ళు" అంది.

అంత దర్జాగా "మళ్ళీ రా" అన్న అప్పటి ఆ కుర్ర ట్యూటర్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆమె నమ్ముతుందని వాడికి తట్టనే లేదు, పాపం.