చెప్పులాంటి పావురం

మా మావయ్యకు చక్కగా చెక్కిన నాణెం అంటే గిట్టదు. ఆయన వృత్తే చెక్కడం కాకపోతే దీన్ని ఎవరూ పట్టించుకునేవారు కారు. ఆటల పోటీల్లో ఇచ్చే కప్పుల మీదా, ఆఫీసు తలుపుల ఇత్తడి పలకల మీదా ఆయన చెక్కిన అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి. అలాంటి మనిషి పాతికేళ్లుగా ఏరి ఏరి కొని దాచుకున్నవన్నీ వంకరటింకర నాణేలే.

అవి మామూలు నాణేలు కావు. పూర్వం ఓడ ఎక్కేవాడో, యుద్ధానికి పోయేవాడో ఒక వెండి నాణెం తీసుకుని, ఒకవైపు ముద్రంతా పోయేదాకా ఆకురాయితో రాసి, నున్నబడిన చోట ఓ పువ్వో, పిట్టో చెక్కి, మనసిచ్చిన పిల్ల చేతిలో పెట్టి వెళ్లేవాడట. మావయ్య వాటిని ఆనవాలు నాణేలంటాడు. ఆ మాట అనేటప్పుడు కూర్చున్నవాడు లేచి నిలబడతాడు.

నెలకోసారి పాత నాణేల వర్తకుడు వచ్చి బల్ల మీద గుడ్డ పరిచేవాడు. నేను మేడ మీద గదిలోనే ఉంటాను కాబట్టి, బడిలో పాఠాలు చెప్పి వచ్చాక ఈ వేడుక చూడడానికి కిందికి దిగేదాన్ని.

"ఇది చూడండి సార్, గులాబీ. రేకులు లెక్కపెట్టుకోవచ్చు."

మావయ్య భూతద్దం కంటికి ఆనించి, జడ్జిగారిలా తీర్పు చెప్పేవాడు. "కూలి పని."

"అంటే ఏంటి సార్?"

"ఎవడికో డబ్బులిచ్చి చేయించాడు. ప్రేమించినవాడు చెక్కింది కాదు. తీసెయ్."

గుడ్డ అడుగున, వర్తకుడే సిగ్గుపడి దాచిన నాణెం ఒకటి ఉండేది. దాని మీద ఉన్నది చేపో, చెంచానో చెప్పడం కష్టం. మావయ్య కళ్లు చెమర్చేవి. "ఆహా! చేతులు వణికాయి చూడు!"

ఆ రెండు మాటలతోనే ఆయన లోకాన్నంతా కొలిచేవాడు. నా మొదటి ఉద్యోగానికి ముత్యాల్లాంటి అక్షరాలతో దరఖాస్తు రాసుకున్నాను. చూసి "కూలి పని" అన్నాడు. అత్తయ్య మిషన్ మీద కర్టెన్లు కుట్టింది. "కూలి పని" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు అత్తయ్య ఆయనతో చెప్పాల్సినవన్నీ నాతోనే చెప్పింది, ఆయన పక్కనే కూర్చుని ఉన్నా సరే.

కొట్టుకు వచ్చేవాళ్ల పాట్లు వేరే. ఎవడో కుర్రాడు లాకెట్టు పట్టుకొస్తాడు.

"దీని మీద పేరు చెక్కాలండీ."

"ప్రేమా?"

"అవునండీ," అంటాడు, చెవులు ఎర్రబడి.

"అయితే నువ్వే చెక్కు," అని మావయ్య సన్న ఉలి వాడి చేతిలో పెట్టేస్తాడు. సగంమంది అక్కణ్నుంచి అటే పక్క వీధి కొట్టుకు పోయేవారు. మిగిలిన సగం వేలికి గుడ్డ కట్టించుకుని పోయేవారు.

"వచ్చిన బేరాన్ని చేతులారా వెళ్లగొట్టే కొట్టు ఇదొక్కటే," అనేది అత్తయ్య. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "పోనీ ఇన్నేళ్లలో నాకైనా ఒక్క గీత గీశారా మీరు?" అనేది.

"నా చెయ్యి వణకదే! ఏం చెయ్యను?" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవాడు కాదు. అది సాకు అనుకున్నాం మేము. నిజంగా అదే ఆయన బాధ అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన నాణేలన్నిట్లోకీ ప్రాణప్రదమైనదాని మీద అసలు ఏమీ లేదు. ఒకవైపు నున్నగా రాసి ఉంది, అంతే. "ఏం చెక్కాలో తేల్చుకునేలోపే ఓడ వెళ్లిపోయి ఉంటుందే," అనేవాడు మావయ్య, ఆ ఓడను తానే ఆపలేకపోయినట్టు. పెట్టెలో నట్టనడుమ గుంటలో దాన్ని పడుకోబెట్టి, ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఒకరోజు ఓ పెద్దాయన వచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడట. మూత తెరిచి ఉన్న పెట్టెలోని నాణేలు ఒక్కొక్కటే చూసి, చెప్పడం మొదలుపెట్టాడు.

"మా ఆవిడకి అన్నీ మరుపండీ. నేనెవరో కూడా తెలీదు. పెళ్లికి ముందు నేను చెక్కిచ్చిన నాణెం ఒకటి మెళ్లో ఉండేది. అది చేతిలోకి తీసుకుంటే మాత్రం నన్ను గుర్తుపట్టేది. పోయిన వారం తాడు తెగి మురుగు కాలవలో పడిపోయింది. ఎంత వెతికించినా దొరకలేదు. అప్పట్నుంచీ మెడ తడుముకుంటూనే ఉంటుంది. అలాంటిదే ఇంకోటి చేసిపెట్టాలి."

"ఏం చెక్కారు దాని మీద?"

"పావురం. కానీ చెప్పులా వచ్చింది. ఆవిడ ఊరుకుంటుందా? ఆడపిల్ల చెప్పు చూపిస్తుంది గానీ, ఎదురు నువ్వు నాకు చూపించావేంటయ్యా అని జన్మంతా ఏడిపించింది."

మావయ్య అలవాటుగా ఉలి తీసి చాచాడు. "అయితే మీరే చెక్కండి."

పెద్దాయన రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. చొక్కా గుండీలు సగం పెట్టుకోకుండానే వదిలేసి ఉన్నాయి. మావయ్య ఉలి వెనక్కి తీసుకున్నాడు. ఆయన అలా వెనక్కి తీసుకోవడం నేను చూడడం అదే మొదటిసారి.

రెండు రోజుల్లో పావురం తయారైంది. ఈక ఈకా కనిపిస్తోంది. పెద్దాయన తీసుకెళ్లి, ఆ సాయంత్రమే తిరిగి తెచ్చాడు. "పిట్ట ముచ్చటగా ఉంది, ఎవరిదో పాపం, వెతుక్కుంటూ ఉంటారు, ఇచ్చెయ్యండి అంది."

మావయ్య ఈసారి కావాలని వంకరగా చెక్కాడు. చెక్కి భూతద్దంలో చూసుకుని, తానే తీర్పు చెప్పుకున్నాడు. "వంకర కూడా కొలిచి పెట్టాను. కూలి పని."

మర్నాటి నుంచి ఇంట్లో వింతలు మొదలయ్యాయి. మావయ్య ఎడమచేత్తో తల దువ్వుకున్నాడు. ఎడమచేత్తో గుండీలు పెట్టుకుని, ఒకటి ఎక్కువైంది అన్నాడు. ఎడమచేత్తో టీ పోసి బల్లకు స్నానం చేయించాడు.

"మీ మావయ్యకి పక్షవాతమేమో అడగవే," అంది అత్తయ్య నాతో, ఆయన ఎదురుగానే.

కొట్లో చూస్తే సామానంతా ఎడమవైపుకు మారింది. ఎడమచేత్తో ఉలి పట్టి ఇత్తడి బిళ్లల మీద పావురాలు చెక్కుతున్నాడు. పొడుచుకున్న కుడిచేతి వేళ్లు నాలుగింటికీ గుడ్డలున్నాయి. నన్ను చూసి, తప్పుచేస్తూ దొరికినవాడిలా బిళ్లల్ని చేత్తో మూసేశాడు.

మూడు వారాలయ్యాక పెట్టె తెరిచి, నట్టనడుమ ఉన్న ఖాళీ నాణెం బయటికి తీశాడు.

"అది మీ ప్రాణం కదా మావయ్యా!"

"ఇన్నాళ్లూ ఊరికే పడుకుంది. ఇప్పుడు ఓడ వచ్చింది," అన్నాడు.

ఎడమచేత్తో పావురం చెక్కిన ఆ నాణెం తీసుకుని, పెద్దాయనతో పాటు మావయ్యా నేనూ ఆయన ఇంటికి వెళ్లాం. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మెడ తడుముకుంటోంది. భర్తను మాకు పరిచయం చేసింది. "ఈయనెవరో చాలా మంచివారు. వేళకి మందులిస్తారు."

పెద్దాయన నాణెం ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ బొటనవేలితో అటూ ఇటూ రాసింది. దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఆవిడ పెదాలు వణికాయి. ఏడుస్తుందేమో అనుకున్నాను. పకపకా నవ్వింది.

"ఏమయ్యా, పెళ్లికి ముందే చెప్పు చూపించిన మహానుభావుడివి నువ్వు కాదూ?"

"నేనేనే," అన్నాడు పెద్దాయన.

ఇంటికి తిరిగి వస్తుంటే నాకు అర్థమైంది. ఇన్నాళ్లూ కుర్రాళ్ల చేతిలో ఉలి పెట్టింది పొగరుతో కాదు. తన చెయ్యి బాగా తిరిగిన చెయ్యి కాబట్టి, అది వాళ్ల ప్రేమకు అడ్డం పడకూడదని పక్కకు తప్పుకునేవాడు. తన భార్య దగ్గర మాత్రం ఉలి ఇచ్చి తప్పుకోవడానికి ఇంకో మనిషి లేడు; ప్రేమించినవాడు తానే.

అత్తయ్య తలుపు తీసింది. మావయ్య జేబులోంచి ఓ ఇత్తడి బిళ్ల తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసింది.

"ఏంటిది? క్యాబేజీయా?"

"గులాబీ," అన్నాడు మావయ్య నేల చూస్తూ.

అత్తయ్య భూతద్దం తెప్పించుకుంది. కంటికి ఆనించుకుని, అచ్చం ఆయనలాగే, చాలాసేపు చూసింది. మావయ్య ముద్దాయిలా నిలబడ్డాడు.

"చేతులు వణికినట్టున్నాయే," అంది.

"ఒక్క ఎడమదే," అన్నాడు మావయ్య. "కుడిది ఇప్పుడు వణుకుతోంది."