ఖాళీ సీటుతో తిరిగిన నౌక

మా బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. ఎవరు ఏది అడిగినా ‘ఓపిక’ సర్వీసు చరిత్ర ఎత్తుకునేవాడు. ‘ఓపిక’ అంటే నక్షత్రాల మధ్య తిరిగే నౌక. అది బాబాయి బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆయన బస్సు డిపోలో మెకానిక్. డ్యూటీ దిగగానే గ్రీజు చేతులతో వచ్చి మా వంటింటి గడపలో కూర్చునేవాడు.

“కుళాయి కారుతోంది, కాస్త చూడు,” అనేది అమ్మ.

“కారడమంటే ‘ఓపిక’దే వదినా. ట్యాంకుకి చిల్లు పడి, ఆకాశమంతా ఇంధనం...”

“కుళాయి చూడమన్నాను.”

“అక్కడికే వస్తున్నా.”

ఎప్పుడూ వచ్చేవాడు కాదు. కుళాయి కారుతూనే ఉండేది.

ఆ నౌక సర్వీసులో ఘనకార్యం ఒక్కటీ లేదు. యుద్ధానికి పంపితే సంధి కుదిరాక చేరి, సభలో వేసిన కుర్చీలు మోసుకొచ్చింది. మంచు తెమ్మంటే నీళ్ళు తెచ్చింది. దారిలో ఆగిపోయిన నౌకని లాక్కురమ్మంటే, తానే ఆగిపోయి దాని చేత లాగించుకుంది.

“అసలు నడిపేది ఎవరు?” అని అడిగాను.

“ఎవరూ లేరు. సీటు ఖాళీ.”

“ఇంకొకరిని పెట్టుకోవచ్చుగా?”

“ఎలా పెడతారు? మనిషి సెలవులో ఉన్నాడు.”

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. నవ్వేవాళ్ళం. మా ఇంట్లో నవ్వడానికి మిగిలింది అదొక్కటే.

నాన్న బస్సు డ్రైవరు. కొండ దారి దిగుతుండగా బ్రేకులు పోయి బస్సు బోల్తా పడింది. ఎక్కినవాళ్ళలో కొందరు మళ్ళీ లేవలేదు. విచారణలో తప్పు నాన్నది కాదన్నారు. నాన్న ఒప్పుకోలేదు. వెనక గదిలో మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మొదట బయటికి రావడం మానేశాడు. తర్వాత మాట్లాడడం మానేశాడు. అమ్మ పళ్ళెం లోపల పెట్టేది, కాసేపటికి దాదాపు అలాగే బయటికి తెచ్చేది. డాక్టరు చూసి, మందు రాయకుండానే చెప్పులు వేసుకున్నాడు. నాన్న మెల్లమెల్లగా ఆరిపోతున్నాడని అందరికీ తెలుసు.

“ఒక్క మాట, తిట్టయినా సరే, వింటే చాలు,” అనేది అమ్మ.

ఆ గదికీ వంటింటికీ మధ్య తలుపు లేదు, తెర ఒక్కటే. అయినా బాబాయి ఊరంతటికీ వినబడేలా చెప్పేవాడు.

“మెల్లగా. మీ అన్నయ్య పడుకున్నారు.”

“నా గొంతే అంత వదినా.”

ఒక మధ్యాహ్నం ‘ఓపిక’ నిండా జనంతో ఏదో గ్రహం మీదికి దిగుతోంది. నిట్టనిలువు దిగుడు. అమ్మ చేతిలో గరిటె ఆగింది.

“ఆ కథ వద్దు,” అంది.

బాబాయి ఆగలేదు. “అప్పుడేం చేశారూ, ఇంధనం కలిసొస్తుందని న్యూట్రల్‌లో వేసి వదిలేశారు. అది పరుగో పరుగు.”

తెర వెనక మంచం కిర్రుమంది.

“దిగుడులో న్యూట్రల్ ఏమిట్రా, దరిద్రుడా.”

గొంతు తుప్పు పట్టిపోయింది. నాన్నదేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

బాబాయి వెనక్కి తిరగలేదు. “మాకేం తెలుసు అన్నయ్యా. సీటు ఖాళీ కదా.”

“జనం ఉన్నారన్నావు?”

“కిక్కిరిసి ఉన్నారు.”

“అయితే గేరులో వెయ్యి. ఇంజనే పట్టి ఆపుతుంది.”

“ఏ గేరు?”

“రెండు. తొక్కకు, నెమ్మదిగా పోనీ.” తెర కదిలింది. నాన్న గోడ పట్టుకుని గడప దాకా వచ్చాడు. “జరుగు.”

బాబాయి జరిగాడు. నాన్న గడపలో కూర్చున్నాడు. అమ్మ పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

ఏళ్ళ తరబడి గేరుబాక్సులు విప్పి బిగించిన మనిషికి, దిగుడులో న్యూట్రల్ వేయకూడదని తెలియదా? నాకు అప్పుడు తట్టింది.

“మలుపు వస్తోందా?” అన్నాడు నాన్న నాతో. “ఎటువైపు?”

నాకు తెలియదు. బాబాయి వైపు చూశాను. ఆయన అప్పటికే లేచి, జేబులోంచి స్పానర్ తీశాడు.

“ఏదీ వదినా, ఆ కుళాయి ఎక్కడ?”