ఉత్ప్రేక్షకు ఎలుగుబంటి బొమ్మ

కరోనా తరువాత బడులు మళ్లీ దారిలో పడిన ఏడాది. కారేపల్లిలో మా హైస్కూల్లో ఆదివారాలు ఓపెన్ స్కూల్ కాంటాక్ట్ క్లాసులు నడిచేవి. చదువు మధ్యలో మానేసిన పెద్దవాళ్లు వారమంతా తమ పనులు చేసుకుని, ఆ ఒక్కరోజు వచ్చి పదో తరగతి పాఠాలు వినిపోయే తరగతులవి. తెలుగు నాది. అలంకారాలు చెప్పడంలో నాకు ఎదురులేదని నాకు గట్టి నమ్మకం, ఇప్పటికీ ఉంది. ఆ నమ్మకాన్ని ఒకసారి ఉతికి ఆరేసిన మనిషి నాగమణి.

నాగమణి అడవి అంచున ఉన్న ఒక కోయగూడెంలో అంగన్‌వాడీ ఆయా. వంట చేయడం, పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకురావడం, గుడ్డు తినిపించడం ఆమె పని. మొదటి రోజే లేచి నిలబడి తన సంగతి చెప్పింది.

"మేడమ్, లెక్కలు పాసైన. ఇంగ్లిష్ సుత పాసైన. తెలుగే రెండుసార్లు పోయింది."

వెనక బెంచీ మీది దర్జీ ఖలీల్‌కు నోరు ఊరుకోదు. "అక్కా, నేను తెలుగుల పాసై లెక్కల్ల పోయిన. ఇద్దరం కలిస్తే ఒక టెన్త్!" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాగమణీ నవ్వింది గానీ, ఆ నవ్వు చివర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకు ఒళ్లు మండింది. "నవ్వింది చాలు, పుస్తకాలు తియ్యండి" అని కసిరాను.

చాయ్ తాగే వేళకు అసలు విషయం తెలిసింది. వాళ్ల సెంటర్ టీచరమ్మ రిటైరైంది. ఆయా పదో తరగతి పాసై ఉంటే ఆ పోస్టు ముందు ఆమెకే ఇస్తారట. ఈసారి కూడా తప్పితే బయటి మనిషిని వేస్తారు.

"వేస్తే ఏమైతది?" అని అడిగాను.

"మా పిల్లలు ఇంట్ల కోయ మాట్లాడుతరు మేడమ్. ఇంతకుముందు కొన్నాళ్లు ఒకామె వచ్చింది. మంచిదే, కానీ కోయ రాదు. పిల్లలు దాహమని ఏడ్చినా ఆమెకు సమజ్ కాలె. పాపం పిల్లలు సెంటరుకు రావుడే బంద్ చేసిండ్రు. మళ్లీ ఇంటింటికీ తిరిగి ఎత్తుకొచ్చుకున్న."

ఇక ఈమెను పాస్ చేయించకపోతే నేను తెలుగు టీచర్నే కాదు అనుకున్నాను.

నాగమణికి కథలు బాగా వచ్చు, పాఠం సారాంశం తన మాటల్లో చక్కగా రాస్తుంది. చిక్కంతా బిట్ పేపరుతోనే. ఒక్క మాటలో జవాబు రాయాల్సిన ప్రశ్నల కాగితం అది. 'ఇది ఏ అలంకారం?' అని అడిగితే చాలు, ఉపమ రూపకమైపోతుంది, రూపకం ఉత్ప్రేక్షైపోతుంది.

నా దగ్గర మందు ఉంది కదా! ప్రతి సాహిత్య పదానికీ ఒక బొమ్మ అనుకుంటే గుర్తుంటుందని ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతున్నాను. 'మెమరీ పిక్చర్' అంటాం. చార్టులు గీశాను. ఉపమకు చంద్రుడు, పక్కన ముఖం. రూపకానికి ముఖంలోనే చంద్రుడు. ఉత్ప్రేక్షకు ముఖాన్ని చూసి చంద్రుడేమోనని ఆలోచిస్తున్న మనిషి. మరుసటి ఆదివారం పరీక్ష పెడితే నాగమణి అన్నిటికీ 'చంద్రుడు' అని రాసింది.

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "ఏంది నాగమణీ ఇది?"

"ఏడ చూసినా గదే చంద్రుడు మేడమ్. గా మొఖం ఎవల్దో కూడ తెల్వదు."

"మేడమ్, గది చంద్రుడా? నేను పూరీ అనుకున్న" అన్నాడు ఖలీల్.

ఈసారి నేను కూడా నవ్వేశాను. నా డ్రాయింగ్ అంతటిదే మరి. నవ్వుతూనే ఆమెను అడిగాను: "అక్షరాలు రాని పిల్లలతో నువ్వెట్ల నెగ్గుకొస్తున్నవ్?"

"గోడకు మేకులు కొట్టిన మేడమ్, సంచులు తగిలేసుకోనీకి. ఒక్కొక్కరి మేకు పైన గోడకు జాజు ఎర్రమన్నుతోని ఒక బొమ్మ గీసిన. ఏది పడితే అది గియ్య. వాళ్లయ్య వాగుల చేపలు పడితే వానికి చేప. పుంజు పొడిచి ఏడ్చినోనికి పుంజు. ఒక్కడన్న మర్చిపోతే చూడున్రి!"

ఆ మాటతో నాకు దారి దొరికింది. చార్టులు చుట్టి బీరువా మీద పడేశాను. "ఇయ్యాల నేను అలంకారం పేరు చెప్పను. అడుగుతుంట, నువ్వు చూసింది చెప్పు. రెండు వేరువేరు, కానీ ఒక్కతీరుగ ఉండేవి?"

"మా సెంటర్ల కవలలు. చిట్టి వేరు, బుజ్జి వేరు. ముక్కు మాత్రం ఒక్కతీరు."

"చిట్టి బుజ్జిలాగ ఉంటది అంటవా?"

"అవ్, గట్లనే అంటం."

"అది ఉపమ. గియ్యి." గీసింది. రెండు పిలకలు, రెండు ఒకే తీరు ముక్కులు.

"ఇగ ఇద్దరు ఒక్కరే అయిపోయింది ఎప్పుడన్న చూసినవా?"

"కొలుపుల మా లచ్చక్కకు అమ్మవారు పూనుతది."

"అప్పుడు లచ్చక్క అమ్మవారిలాగ ఉంది అంటరా?"

"ఛ! లాగ ఏంది మేడమ్?" చేతులు జోడించింది. "అమ్మనే! ఇద్దరనుకోం. కాళ్లు మొక్కుతం."

పుస్తకాల్లో 'అభేదం' అంటాం, తేడా లేదని చెప్పడం. అదే రూపకం. ఇన్నేళ్లలో ఇంత సూటిగా ఏ విద్యార్థీ నాకు చెప్పలేదు. ఆమె వేపమండ పట్టుకున్న లచ్చక్కను గీసింది. ముఖం గీయలేదు. గీయకూడదంది, సరేనన్నాను.

మిగిలింది ఉత్ప్రేక్ష. అదే అసలు ముల్లు. ఒకదాన్ని చూసి ఇంకొకటేమోనని ఊహించడం. నేను నోరు తెరవకముందే నాగమణి అందుకుంది.

"మేడమ్, ఇప్పపువ్వు ఏరనీకి తెల్లారగట్ల అడివికి పోతం. ఇప్పపువ్వంటే ఎలుగ్గొడ్డుకు పానం. గందుకని నల్లగ ఏది కనపడ్డా గుండె గుభేలు మంటది. ఒకపాలి మోడును చూసి ఎలుగ్గొడ్డేమో అని గంప పారేసి ఉరికిన. మా ఆయన ఇప్పటికీ నవ్వుతడు."

"అది మోడే కదా?"

"మోడే. కానీ ఎలుగేమో అనుకున్న." అని ఆగి, నా వైపు చూసి గట్టిగా అంది, "గిదేనా మేడమ్ ఉత్ప్రేక్ష?"

"ఇదే తల్లీ, అచ్చంగా ఇదే!" అన్నాను. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నాగమణి ఎలుగుబంటిలా కనిపించే నల్లటి మోడును గీసింది.

ఆ తరువాత పని పరుగులు తీసింది. పేరాలోని ముఖ్యాంశానికి గుడిసె నడుమ నిలబెట్టే నిట్రాట గీసింది, అది తీస్తే మొత్తం కూలుతుంది కాబట్టి. శీర్షికకు ఖలీల్ తన దుకాణం బోర్డు గీశాడు. "లోపల ఏముందో బయట చెప్పాలె, గంతే గద మేడమ్" అన్నాడు. అతిశయోక్తికి ఎవరి బొమ్మ గీయాలన్నది మాత్రం ఎవరూ చర్చించలేదు, అందరూ ఖలీల్‌నే గీశారు.

పరీక్ష సెంటర్ ఖమ్మంలో పడింది. తెలుగు పరీక్ష రోజు నేనే వెళ్లి గేటు బయట నిలబడ్డాను. సొంత పిల్లల పరీక్షలకు కూడా అంత కంగారుపడలేదు. గంట కొట్టగానే జనాన్ని తోసుకుంటూ వచ్చింది నాగమణి.

"మేడమ్! మోడొచ్చింది! మోడొచ్చింది!"

వాచ్‌మన్ మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"కొండ మీది మంచు ఆరేసిన తెల్లచీరేమో అన్నట్లుంది అని ఇచ్చిండ్రు మేడమ్. పుస్తకంల లేదు గది, ఎన్నడు చూడలె. ముందు ఉపమ అనుకున్న. మల్ల 'ఏమో' కనబడ్డది. ఉన్నది మంచే, రాసినాయన చీరేమో అనుకుంటుండు. నా లెక్కనే గంప పారేసి ఉరికిండు. ఉత్ప్రేక్ష అని రాసిన!"

ఆ రోడ్డు మీదే ఆమెను కావలించుకున్నాను. ఫలితాల దాకా ఆగే ఓపిక నాకు లేదు, అక్కర్లేదని కూడా తెలుసు.

పాసైంది. పోస్టూ వచ్చింది. కొన్ని నెలల తరువాత వాళ్ల సెంటరుకు వెళ్లాను. పిల్లలు నన్ను చూసి కోయలో ఏదో అన్నారు, నాగమణి కోయలోనే బదులిచ్చింది, అందరూ కిలకిలా నవ్వారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దాహమై ఏడ్చిన ఆ పిల్లల కష్టం అప్పుడు నాకు నిజంగా తెలిసొచ్చింది.

గోడ పొడవునా మేకులున్నాయి. చేప, పుంజు, రెండు పిలకలు. టీచర్ కుర్చీ పక్కన మేకు పైన బొగ్గుతో గీసిన నల్లటి మోడు ఉంది. దాని పక్కన ఖాళీ మేకు ఇంకొకటి, పైన గుండ్రంగా, వంకర నవ్వుతో, అచ్చం నేను గీసినట్టే పూరీ లాంటి చంద్రుడు.

"గది మీది మేడమ్" అంది నాగమణి. "సంచి తగిలెయ్యున్రి."

ఇప్పుడు నేను పిల్లలకు బొమ్మలు గీసి ఇవ్వను. పదం అర్థం చెప్పి, నువ్వు ఎక్కడ చూశావో చెప్పు అంటాను. ఎవరి బొమ్మ వాళ్ల కళ్లలోంచే రావాలి. బొమ్మ సొంతమైతే పదం ఎక్కడికీ పోదు. ఆ రోజు సంచి తగిలించి, పిల్లలతో పాటు చాప మీద కూర్చున్నాను.