పీట మీద తువాల

మా కొత్తవాడలో వెంకటరాజం అంటే జంఖానాలు నేసే పెద్ద మగ్గమే గుర్తొచ్చేది. ఆ మగ్గాన్ని ఒక్కరు నడపలేరు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒకరు దారంతో తోసిన నాడెను రెండోవారు అందుకోవాలి. పెళ్లి కాకముందు నుంచీ వెంకటరాజం కుడిపక్క, మగ్గమున్న ఇంటాయన సదానందం ఎడమపక్క.

పేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక కీమో కూడా కావాలన్నారు. వెంకటరాజం ససేమిరా అన్నాడు. కూతురు పద్మలత అత్తగారింటి నుంచి వచ్చి బతిమాలింది. చివరికి ఒప్పుకుని, మగ్గం దగ్గర సదానందాన్ని ఆయన అడిగింది ఒక్కటే.

"నేనొచ్చేదాక నా జాగల ఎవ్వలు కూసోవద్దు."

"ఎవ్వలు కూసుంటరు రాజన్నా? అందాక నేను చిన్న మగ్గం మీద తువాలలు నేసుకుంట," అన్నాడు సదానందం.

వెంకటరాజం భుజం మీది ఎర్ర తువాల తీసి తన పీట మీద పరిచాడు.

"బస్సుల సీటాపినట్టు ఆపినవు పో!" అని సదానందం నవ్వాడు.

దవాఖానకు పద్మలతే తీసుకుపోయేది. కొడుకు పండరికి పవర్‌లూమ్ కార్ఖానాలో సెలవు దొరకదట. మందు ఎక్కించిన మర్నాటి నుంచి వెంకటరాజానికి నోరు పూసేది, మంచినీళ్లు కూడా ఇనుము వాసన కొట్టేవి. "ఇగ నాతోని గాదు బిడ్డా" అనేవాడు. "నీ పీట నీకోసం సూస్తాంది బాపూ" అనేదామె. ఆ మాట మీద రెండు ముద్దల మజ్జిగన్నం లోపలికి పోయేది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని డాక్టరుకు చెప్పనివ్వలేదాయన. మగ్గం మానేయమంటాడని భయం.

ఒకసారి మందు ఎక్కించుకుని వస్తుంటే, రోడ్డు తవ్వారని ఆటో సదానందం గల్లీలోంచి తిరిగింది. వెంకటరాజం డ్రైవరు భుజం తట్టి ఆపించాడు. పెద్ద మగ్గం నడుస్తోంది.

"వేరేటోళ్లదేమో బాపూ."

"నా మగ్గం సప్పుడు నాకెరుక లేదా?"

గోడ పట్టుకుంటూ లోపలికి పోయాడు. కుడిపక్క పండరి కూర్చుని ఉన్నాడు. కింద ఎర్ర తువాల.

నాడె సదానందం చేతిలోనే ఆగిపోయింది. "బయటోన్నేం కూసోబెట్టలే రాజన్నా. నీ కొడుకే గద."

"సెలవు లేదంటివి గదరా?" అంది పద్మలత తమ్ముడితో.

"కార్ఖాన ఇడిసి మస్తు దినాలాయె. ఈ పానంతోని బాపు మల్ల కూసుంటడా ఏందక్కా? మీ ఇద్దరికి తప్ప వాడకట్టందరికి ఎరుకే."

"లే," అన్నాడు వెంకటరాజం.

పండరి లేచాడు. ఆయన మాత్రం కూర్చోలేదు. తువాల అందుకోబోయాడు. తిమ్మిరి వేళ్లలోంచి అది జారిపోయింది. పద్మలత తీసి ఆయన భుజాన వేసింది.

తర్వాతి కీమో రోజు ఆమె ఆటో తెచ్చి వాకిట్లో నిలబెట్టింది. ఆయన అరుగు మీద తువాల పరుచుకుని పడుకుని ఉన్నాడు.

"లే బాపూ. ఇంకెన్నో లేవు."

"ఎందుకు బిడ్డా? ఏం సూస్తాందని నాకోసం?"

ఆటోవాడు హారన్ కొట్టి, "ఉండమంటవా పొమ్మంటవా అక్కా?" అనడిగాడు.

వెంకటరాజం గోడవైపు తిరిగాడు.

"పొమ్మను," అన్నాడు.