ఉమాదేవి కుళ్లు

మా యాడికి ఊళ్లో ఉమాదేవికి కుళ్లు ఎక్కువ. ఈ మాట ఆమె ఎదుటే అంటాను, ఆమె కాదనదు.

రెండు వేల నాలుగులో ఆమె, హేమలత తాడిపత్రిలో ఒకేషనల్ ఇంటర్ చదివేవారు. వారంలో సగం రోజులు కాలేజీలో పాఠాలు, కంప్యూటర్లో సీడీ వేసి చూపించే మోటారు బొమ్మలు. మిగతా సగం గంగాధరప్ప మోటార్ల రిపేరు షాపులో పని. చదువయ్యాక ఇద్దరిలో ఒకరినే పనిలో ఉంచుకుంటానని గంగాధరప్ప ముందే చెప్పేశాడు. ఆ ఒక్కరు తానే కావాలని ఉమాదేవి పట్టు.

కానీ హేమలతది పనితనమున్న చెయ్యి. రాగి తీగ చుడితే ముచ్చటగా కుదిరేది. గంగాధరప్ప మోటార్లు ఆమెకిచ్చి, ఉమాదేవికి పానాలు అందించే పని చెప్పేవాడు. ఉమాదేవికి ఒళ్లు మండిపోయేది, అన్నం సయించేది కాదు. సీడీ పాఠాలు మళ్లీ మళ్లీ వేసుకుని చూసేది. షాపులో మాత్రం హేమలత చేతుల మీద నుంచి చూపు తిప్పేది కాదు, ఎక్కడో ఒకచోట తప్పు చేయకపోతుందా అని.

ఆ వేసవిలో బసప్ప అనే రైతు బోరులోకి రిపేరైన మోటారు దించారు. స్టార్టరు దగ్గర వైర్లు బిగించింది హేమలత. స్విచ్చి వేస్తే నీళ్లు చిటికెన వేలంత సన్నగా వచ్చాయి. మా సీమలో నీళ్లు సన్నబడితే మోటారును ఎవరూ అనుమానించరు, బోరు పోయిందనుకుంటారు. ఆ వారమంతా ఎండిన బోర్లే చూసిన గంగాధరప్పకూ వేరే ఆలోచన రాలేదు. బసప్ప తల పట్టుకుని గట్టు మీద కూలబడి, చీనీ (బత్తాయి) చెట్లు ఇక కొట్టేయాల్సిందేనన్నాడు.

హేమలత వైర్లు బిగిస్తుంటే కళ్లార్పకుండా చూసింది ఉమాదేవి ఒక్కతే. తాను నోరు మూసుకుంటే హేమలతను ఎవరూ ఒక్క మాట అనరు. అదే ఆమెకు భరించరానిదైంది.

"బోరు బాగుండాదన్నా. హేమలత వైర్లు తారుమారు చేసింది, మోటారు వెనక్కి తిరుగుతాండాది" అంది.

రెండు వైర్లు మార్చి బిగించగానే పైపు నిండా నీళ్లు దూకాయి. బసప్ప ఆమెకు చేతులెత్తి మొక్కాడు. షాపులో ఉండేది నువ్వేనని గంగాధరప్ప అక్కడికక్కడే చెప్పేశాడు. ఉమాదేవి వాళ్లిద్దరినీ చూడనేలేదు. హేమలత ముఖం మాడిపోతే చూడాలని కాచుకుంది. కానీ హేమలత వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"నువ్వు చూసినావు కాబట్టి సరిపోయింది ఉమా. లేకుంటే ఆ చెట్ల ఉసురు నాకే తగిలేది."

ఇప్పుడు ఆ షాపు నడుపుతున్నది ఉమాదేవే. ఎవరి పనిలోనైనా లోపం వెతకడం మానలేదు. ఆ రోజు సంగతి ఎత్తితే మాత్రం, "పని నాకిచ్చినారని హేమలతకు రవ్వంత కూడా కుళ్లు రాలేదు చూడు" అని ఇప్పటికీ పళ్లు కొరుకుతుంది.