ఎండ్రకాయ కాలు, నా ఉపన్యాసం

గుప్పెడు తెల్లపొడితో ఒక మనిషి ఎంత ఘనంగా పరువు పోగొట్టుకోవచ్చో చెబుతాను, వినండి.

అరవైల్లో నేను నెల్లూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్ని. మాది కోవూరు. నాన్న దర్జీ, నన్ను మిషను దగ్గరికి రానివ్వకుండా చదివించాడు. నాకేమో నాడీకణాల మీద పరిశోధన చేయాలని పిచ్చి. మద్రాసు నుంచి సరస్వతమ్మగారనే ప్రొఫెసరు వస్తున్నారనీ, పని నచ్చితే తన దగ్గర చేర్చుకుంటారనీ తెలిసింది.

సముద్రపొడ్డున జువ్వలదిన్నె వెళ్లి బతికున్న ఎండ్రకాయలూ, అదే పీతలూ, ఒక డబ్బా సముద్రపు నీళ్లూ తెచ్చాను. కాలు విడదీసి, అందులోని నరాన్ని ఉప్పునీటిలో ఉంచి కరెంటు తగిలిస్తే కాలి కొన ముడుచుకోవాలి. అదీ ప్రదర్శన. తీరా చూస్తే నీళ్లలో నలకలు. అంత పెద్దావిడ ముందు నలకల నీళ్లా! ఉప్పులు నేనే తూచి, అద్దంలాంటి ద్రావణం కలిపాను.

తోటి డిమాన్‌స్ట్రేటరు సుబ్బరామిరెడ్డి అడిగాడు: "ఖాదరూ, సీసా మీద పేరు చూసినావా?"

"ఉప్పు ఉప్పే గదబ్బయా! నువ్వు పోయి కుర్చీలెయ్యి."

ఆవిడ వచ్చారు. కరెంటు తగిలించాను. కాలు కదల్లేదు. మళ్లీ తగిలించాను. ఊహూఁ.

అక్కడ నోరు మూసుకుని ఉంటే మీకీ కథ ఉండేది కాదు. ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"నరంలోకి చొరబడే సోడియాన్ని బయటికి తోడే పంపు ఒకటుందమ్మా. దాన్ని నడపడానికి కణం ఎప్పుడూ శక్తి ఖర్చు పెట్టాల్సిందే. ఇందులో ఆ శక్తి అయిపోయింది. కరెంటు పోయిన మోటారు మాదిరి పంపు నిలిచిపోయింది. ఈ నరం చచ్చిపోయింది."

"ఖాయమేనా బాబూ?"

"ఖాయమమ్మా!"

"నీళ్లలో ఏ ఉప్పు వేశావు?"

సుబ్బరామిరెడ్డి సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. సోడియం అనుకుని నేను తూచింది పొటాషియం! నరం లోపల దండిగా ఉండి, బయట కాస్తే ఉండాల్సిన సరుకు. దాన్ని బయట కూడా నింపేశాను. లోపలికీ బయటికీ ఉన్న ఆ తేడా చెరిగిపోతే ఏ నరమూ పలకదు.

ఆవిడ నా అద్దంలాంటి నీళ్లు పారబోసి, నలకల సముద్రపు నీళ్లతోనే నరాన్ని మళ్లీ మళ్లీ కడిగారు. కాసేపు ఆగి, "ఇప్పుడు పెట్టు" అన్నారు.

కాలి కొన ముచ్చటగా ముడుచుకుంది.

సిగ్గు మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. నేను నోటితోనే చంపి జనాజా లేపేసిన ఆ వెంట్రుకంత నరం, నా మాటలేవీ వినకుండా, ఉన్న కాస్త శక్తితో లోపల తన పని తాను చేసుకుంటూనే ఉంది. అంత ఓపిక నాకు ఏనాడూ లేదు.

"బతికున్నదాన్ని చచ్చిపోయిందని ఎంత చక్కగా నిరూపించావయ్యా!" అన్నారావిడ. "మద్రాసు వచ్చెయ్. ఆ నోటికి కాస్త పని చెబుతాను."

ఇంటికొస్తే గుమ్మంలోనే అమ్మ.

"ఏం కనిపెట్టినావురా?"

"పొటాషియం సీసా ఎక్కడుందో కనిపెట్టినానమ్మా."

"అల్లా! ఇన్నాళ్లూ ఎవురికీ దొరకలేదా అది?" అని ఆమె మురిసిపోయింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: శుభ్రంగా కడిగి, కాసేపు ఆగి చూడనిదే, ఎండ్రకాయతో సహా ఏ ప్రాణినీ ఇకమీదట పోయినట్టు ప్రకటించను.