గంపలో రైలు చీల

మా ఎర్రకోడి పొదుగుకు కూర్చుందంటే ఇంట్లో అందరి చేతులకూ నెత్తురు గాట్లు పడేవి. నూకలు పెట్టబోతే పొడిచేది, నీళ్లు పెట్టబోతే పొడిచేది. ఒకసారి అవ్వ ముక్కు మీదే పొడిచింది. మేము అమ్మను అవ్వ అని పిలుస్తాం. "నీ పాడుగాను! నిన్ను కొడకండ్ల నుంచి చంకల వెట్టుకొని తెచ్చింది నేనే గాదే!" అని అవ్వ దాన్ని తిట్టేది. తిట్టి మళ్లీ దాని ముందే కూర్చునేది. కొడకండ్ల అవ్వ తల్లిగారి ఊరు. ఆ కోడికీ నాకూ కోపం ఒకే తీరుగా ఉందని అన్న ఎక్కిరించేవాడు. ఉంటే ఉండనీ, ఆ కోపం వల్లే కదా మా గుడ్ల జోలికి కుక్క కూడా వచ్చేది కాదు.

మాది మహబూబాబాద్ దగ్గర రైలు పట్టాలను ఆనుకుని ఉన్న పల్లె. బాపు అని పిలిచే నాన్న మా చిన్నప్పుడే పోయాడు. ఇంట్లో అవ్వ, అన్న, నేను. తెలంగాణ కావాలని ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదికి వచ్చిన ఒక చలికాలంలో ఎర్రకోడి పొదుగుకు కూర్చుంది. చలికాలం పొదుగు పెద్ద పరేషాన్. కోడి మేతకు దిగి కాస్త ఆలస్యం చేసిందంటే గుడ్లు చల్లబడి లోపలి పిల్ల చచ్చిపోతుంది. అందుకని అవ్వ గంపను పొయ్యి గోడకు ఆనించి పెట్టి, అడుగున బూడిద పోసి, దాని మీద ఊక, ఆ పైన గడ్డి పరిచేది. గడ్డి కింద ఒక బొగ్గు, ఒక ఎండుమిరపకాయ, ఒక ఇనుప ముక్క తప్పకుండా ఉండాలి. ఉరుము వంటి పెద్ద చప్పుడుకు గుడ్లు మురిగిపోతాయనీ, కింద ఇనుముంటే ఆ చప్పుడును అదే మింగేస్తుందనీ మా నమ్మకం. కొందరు విరిగిన కొడవలి పెడతారు. మా ఇంట్లో రైలు చీల ఉండేది. పట్టాలను చెక్క దుంగలకు బిగించే లావుపాటి పాతకాలం చీల. పట్టాల పని చేసిన మా తాత, దుంగలు మార్చినప్పుడు పారేసినదాన్ని ఇంటికి తెచ్చాడట. నేను పుట్టకముందు నుంచీ అది కోళ్ల కిందే ఉంది.

ఇనుము పెట్టడం అవ్వ పని అయితే, వినడం అన్న పని. పిల్లలు దిగే రోజులు దగ్గరపడితే అన్న ఒక్కొక్క గుడ్డునూ ఎడమ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. లోపల పిల్ల ముక్కుతో గీకడం, సన్నగా కూయడం ఆయనకు వినిపించేవి. "గిది బతికున్నది. గిది గూడ. గిది మురిగింది, పారెయ్యవ్వా" అనేవాడు. ఆ మాట ఎన్నడూ తప్పింది లేదు. అదే గుడ్డు నేను చెవికి పెట్టుకుంటే నా గాజుల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. "జర నోరు మూస్తే గద నీకు ఇనవడేది" అని నవ్వేవాడు.

ఆ రోజు రైళ్లను ఆపారు. పొద్దున్నుంచీ ఊరంతా పట్టాల మీదే, వంటలూ అక్కడే, బతుకమ్మ ఆటలూ అక్కడే. అన్న కూడా అక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం బందోబస్తు కోసం ఎక్కడినుంచో దింపిన పోలీసులు వచ్చారు. తోపులాట మొదలైంది, తర్వాత రాళ్లు లేచాయి, లాఠీలు లేచాయి. టియర్‌గ్యాస్ గుండ్లు పేలసాగాయి. ప్రతి పేలుడుకూ అవ్వ గంప మీద చేయి ఆనిస్తోంది. బయట మనుషుల తలలు పగులుతుంటే ఈమెకు గుడ్ల దిగులేమిటని నా ఒళ్లు మండింది.

"నీ కొడుకు ఆడున్నడే!" అని అరిచాను.

"నాకెర్క లేదా? ఆన్ని నేనేడ దాసిపెట్టాలె? చెయ్యి ఆనిద్దామంటే నాకీ గంపనే దొరికింది" అంది.

అంతలోనే అన్న ఇంట్లోకి ఉరికి వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, చొక్కా చిరిగి వేలాడుతోంది. తలుపు గడియ పెట్టేలోపే ముగ్గురు పోలీసులు దాన్ని తన్ని లోపలికి వచ్చారు. ఒకడు అన్నను గోడకు అదిమిపెట్టాడు. ఇంకొకడు అన్న ఎడమ చెంప మీద, చెవి మీద, మళ్లీ చెవి మీదే కొట్టాడు. బట్టలు ఉతికే చప్పుడు వచ్చింది. అన్న కింద పడ్డాక బూటు కాళ్లతో తన్నారు. మూడోవాడు ఇల్లు వెతుకుతూ గంప మీద చేయి వేశాడు. ఎర్రకోడి ఊరుకుంటుందా! వాడి మణికట్టు చీరేసింది. వాడు దాని రెండు కాళ్లూ పట్టి గోడకేసి కొట్టాడు. ఒకసారి కొడితేనే చచ్చింది. వాడు మళ్లీ కొట్టాడు. తర్వాత గంపను తన్నాడు.

గుడ్లు బండల మీద పగిలాయి. సగం ఈకలొచ్చిన పిల్లలు నెత్తుట్లో కదిలి ఆగిపోయాయి. వాటి మధ్యలోంచి చీల ఖంగుమని దొర్లింది.

"దొరికాడ్రా! పట్టాలు పీకింది వీడే!" అన్నాడు వాడు.

"అయ్యో, పొదుగు గంపల పెట్టింది సారూ! ఉర్ములకు గుడ్లు మురుగొద్దని పెట్టినం సారూ!" అని అవ్వ కాళ్ల మీద పడింది.

"ఉర్ములకా? ఏందీ, పెట్టినమా?" అని వాడు అవ్వ యాసను సాగదీసి మరీ వెక్కిరించాడు. మిగతా ఇద్దరూ నవ్వారు. నేను పొయ్యిలోంచి మండే కట్టె లాగి వాడి వీపు మీద ఒక్కటి వేశాను. దానికి నాకు రెండు పళ్లు ఊడాయి. వేసినందుకు ఈనాటికీ నాకు సంతోషమే.

అన్నను ఈడ్చుకుపోయారు. చీలను కూడా పట్టుకుపోయారు. పగలని గుడ్లు కొన్ని గడ్డిలో మిగిలాయి. అవ్వ ఒక్కొక్కటీ ఏరి, కంటిరెప్పకు ఆనించి వెచ్చదనం చూసి, గుడ్డలో చుట్టి బొడ్డు దగ్గర చీరలోపల కట్టుకుంది. "ఇవి సావద్దు. ఇవి దిగేటాల్లకు ఆడు ఇంటికి రావాలె. ఇనెటోడు ఆడే గద" అంది. ఆ గుడ్లు బతికితే కొడుకు బతికి వస్తాడని ఆమె మనసులో ముడి వేసుకుంది. పిచ్చి ముడే. కానీ నేనూ ఆ ముడినే పట్టుకున్నాను.

పట్టుకుపోయిన వాళ్లను ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారని తెలిసి మరునాడు పోయాం. అక్కడి పెద్దాఫీసరు కుర్చీలో కూర్చుని చీలను బల్ల మీద దొర్లిస్తున్నాడు. అవ్వ కొంగు తీసి గుడ్లు చూపించి జరిగిందంతా చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"నాకు తెలుసమ్మా. మా ఇంట్లో కూడా పొదుగు గంపలో ఇనప ముక్క పెడతారు. ఇప్పుడు పట్టాల కింద సిమెంటు దిమ్మెలు, ఈ చీల వాటికి పట్టదని కూడా తెలుసు" అన్నాడు.

నా ప్రాణం లేచి వచ్చింది.

"తెలిసి ఏం చేయను? పట్టాలు ఊడాయి. ఎవడో ఒకడు పీకాడని చూపించాలి కదా" అని లోపలికి సైగ చేశాడు. లోపల మళ్లీ ఆ బట్టలుతికే చప్పుడు మొదలైంది. "నీ నోట్ల మన్నువడ! నీ వంశం నాశినంగాను!" అని అవ్వ గేటు దాకా శాపనార్థాలు పెడుతూనే వచ్చింది. తెలియక కొట్టినవాణ్ణి నేను ఏనాటికైనా మరిచిపోతానేమో. తెలిసి కొట్టించినవాణ్ణి మరవను.

ఆ చలికి గుడ్లను కాచింది నేనూ అవ్వా. ఊకను మూకుడులో వేయించి, మూటకట్టి, కుండలో గుడ్ల చుట్టూ పేర్చి, గోనెసంచి కప్పేవాళ్లం. ఒక మూట చల్లారేలోపు ఇంకోటి వేడి చేయాలి. వేడి ఎక్కువైతే ఉడుకుతాయి, తక్కువైతే చస్తాయి. ప్రతిసారీ గుడ్డును తీసి కంటిరెప్పకు ఆనించి చూడాలి, పక్కకు తిప్పి పెట్టాలి, తడిచేత్తో తుడవాలి. వేళ్లు బొబ్బలెక్కాయి. ఆ మూటలు కడుతున్నంతసేపూ పోలీసోడి గొంతుకు ఉరి బిగిస్తున్నట్టే బిగించేదాన్ని.

చివరికి ఊరంతా పోయి ఆ హాలు గేటు ముందు బైఠాయించింది. అందరితోపాటు అన్ననూ వదిలారు. ఆయన కుంటుకుంటూ వచ్చాడు, ముఖం వాచి గుర్తుపట్టేటట్టు లేదు. అవ్వ వేడినీళ్లు పోసి, పసుపు పెట్టి, కుండను ఆయన ముందు పెట్టింది.

అన్న ఒక గుడ్డు తీసి ఎడమ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

"మురిగింది" అన్నాడు.

ఇంకోటి తీశాడు. "గిది గూడ." ఇంకోటి. "అన్నీ మురిగినయే అవ్వా. పారెయ్."

అవ్వ గోడకు ఒరిగిపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. గుడ్లన్నీ తీసుకుపోయి పట్టాల మీద పగలగొడదామని ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అరచేతిలో ఏదో టక్కుమని తగిలింది. చెవికి పెట్టుకున్నాను. ఏనాడూ ఏమీ వినిపించని నాకు, సన్నగా కీచుమని వినిపించింది.

అన్న తల పట్టి తిప్పి, గుడ్డును కుడి చెవికి ఆనించాను. ఆయన కళ్లు తెరుచుకున్నాయి.

"గిది బతికున్నది" అన్నాడు.

తర్వాత నా చేతిలోంచి గుడ్డు తీసుకుని మళ్లీ ఎడమ చెవికి పెట్టుకున్నాడు. మళ్లీ కుడికి, మళ్లీ ఎడమకు. పెంకు చిట్లి పిల్ల ముక్కు బయటికి వస్తోంది, కూత మాకు దూరానికే వినిపిస్తోంది. ఆయన మాత్రం గుడ్డును ఎడమ చెవికి అదుముకుని అట్లాగే కూర్చున్నాడు. అవ్వ ఆ చెవి మీద చేయి ఆనించింది.

"ఆ ఇనుపముక్కేదో నీ తలకింద పెట్టకపోతిని కొడుకా" అంది.